కుడి పక్క పన్ను పోతే ఎడమ దవడ ఉబ్బుతుందా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. నంద్యాలలో ఒక బ్యాంకులో పని చేస్తున్నాను. శ్రావణంలో నా పెళ్లి, ఇంకా మూడు నెలలుంది. నిశ్చితార్థం ఫోటోలు చూసుకున్నప్పటి నుంచి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఎడమ దవడ ఉబ్బినట్టు, గడ్డం కుడివైపు కొంచెం జరిగినట్టు కనిపిస్తోంది. ఫోటోగ్రాఫర్ కూడా ప్రతిసారీ నన్ను ఒకే పక్కకి తిప్పాడు. అద్దంలో ఇంతగా తెలియదు. అమ్మనడిగితే "నీ మొహానికేమైందే, లక్షణంగా ఉంటేనూ" అని కొట్టిపారేస్తుంది. హైదరాబాద్‌లో ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్లాను. పావుగంట చూసి, కుడి పక్క రెండు సిరంజిలు ఫిల్లర్ (చర్మం కింద నింపే మందు), ఎడమ దవడకి బొటాక్స్ సూది, పైన దారాలు వేసి లాగుతామన్నారు. మొత్తం 1,30,000. నెలాఖరు దాకే ఆఫర్ అంటే 5,000 అడ్వాన్స్ కట్టి వచ్చాను. ఇవి శాశ్వతమేనా? ఆపరేషన్ చేయించుకుంటే మేలా? నాలుగేళ్ల కిందట కుడివైపు కింది దవడ పన్ను పిప్పి పడితే పీకించుకున్నాను, మళ్లీ కట్టించుకోలేదు. చిన్నప్పుడు మెట్ల మీద పడి గడ్డానికి కుట్లు కూడా పడ్డాయి. వీటివల్ల ఏమైనా అయి ఉంటుందా?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు మిగతా డబ్బు కట్టకుండా ఆగండి. ఆఫర్ పోతే పోనివ్వండి. ముప్పయ్యో తారీఖున పనిచేసే మందు ఒకటో తారీఖున పనిచేయకుండా పోదు.

మీ ఉత్తరంలో అసలు సంగతులు చివరి రెండు వాక్యాల్లో ఉన్నాయి. అవి మీరు ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. క్లినిక్‌లో ఆ రెండూ ఎవరైనా అడిగారా? నోరు తెరిపించి చూశారా? పళ్లు బిగించమని దవడ మూల మీద చెయ్యి వేసి చూశారా? పావుగంటలో ఇవన్నీ అయి ఉంటాయని నేననుకోను. ముఖం ఒక పక్కకి ఉందంటే ఎముక వల్ల కావచ్చు, కండరం వల్ల కావచ్చు, పళ్ల వల్ల, కొవ్వు వల్ల, ఒక్కోసారి నరం వల్ల కావచ్చు. ఏది కారణమో తేలకుండా ఏ సూదీ వేయకూడదు. నేను దవడల సర్జన్ని కాబట్టి నాకు ఎముక, పన్ను ముందు కనబడతాయనుకోండి. ఆ మాత్రం పక్షపాతం ఒప్పుకుంటాను. కానీ మీ విషయంలో పన్ను నేను వెతికి పట్టుకున్నది కాదు, మీరు రాసినదే.

అద్దంలో తెలియనిది ఫోటోలో ఎందుకు కొట్టొచ్చినట్టు కనిపించింది? అద్దంలో మనకి కనిపించేది కుడి ఎడమలు తారుమారైన ముఖం. పుట్టినప్పటి నుంచి కళ్లు దానికే అలవాటు పడ్డాయి. ఫోటోలో వంపు రెండో పక్కకి వస్తుంది కాబట్టి ఉన్న తేడా రెట్టింపైనట్టు అనిపిస్తుంది. 1977లో అమెరికాలో దీని మీద సరదా అయిన ప్రయోగం ఒకటి చేశారు. ఒకే మనిషి మామూలు ఫోటో, దాన్నే తిరగేసిన ఫోటో చూపిస్తే, ఆ మనిషి తిరగేసినదాన్ని ఎక్కువ ఇష్టపడింది, స్నేహితులేమో మామూలుదాన్ని. ఎవరికి అలవాటైన ముఖం వాళ్లకి నచ్చింది. మీ అమ్మగారు 26 ఏళ్లుగా చూస్తున్నది ఫోటోలో ఉన్న ముఖాన్నే. అందుకే ఆవిడకి అందులో వింత కనిపించలేదు. మీ మనసు నొప్పించకూడదని అబద్ధం చెప్పలేదు.

ఇక ఫోన్‌తో దగ్గర నుంచి తీసుకున్న సెల్ఫీని లెక్కలోకే తీసుకోవద్దు. అడుగు దూరంలో తీస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుందని 2018లో లెక్క కట్టి చూపించారు. తల ఏమాత్రం తిరిగినా కెమెరాకి దగ్గరగా ఉన్న దవడ పెద్దదవుతుంది. అలాగని మీకేమీ లేదని తేల్చేయడం లేదు. నిశ్చితార్థం ఫోటోలు దూరం నుంచి తీసినవే అయి ఉంటాయి, ఫోటోగ్రాఫర్ కంటికీ ఏదో ఆనింది. కాబట్టి సరిగ్గా చూద్దాం.

ఈ ఆదివారం ఇంట్లోనే కొన్ని పనులు చేయండి. జుట్టు వెనక్కి బిగించి కట్టి, కిటికీకి ఎదురుగా కూర్చోండి. ఇంకొకరిని ఐదారడుగుల దూరంలో మీ కళ్ల ఎత్తుకి ఫోన్ పట్టుకుని, జూమ్ చేసి ఫోటో తీయమనండి. ఒకటి పెదాలు ఊరికే ఉంచి, ఒకటి పళ్లు బిగించి, ఒకటి నవ్వుతూ. తర్వాత రెండు చేతుల వేళ్లూ దవడ మూలల మీద, చెవి తమ్మెకి కిందుగా పెట్టుకుని పళ్లు గట్టిగా బిగించండి. వేళ్ల కింద ఉబికేది నమిలే కండరం, దాన్నే మాసెటర్ అంటారు. ఎడమది కుడిదానికన్నా లావుగా, గట్టిగా తగిలితే మీ ఉబ్బులో పెద్ద వాటా దానిదే.

ఐస్‌క్రీం పుల్ల ఒకటి కడిగి, అడ్డంగా పళ్ల మధ్య పెట్టుకుని కొరికి పట్టుకోండి. పుల్ల రెండు కళ్లనీ కలిపే గీతకి సమంగా ఉందా, ఒక కొస పైకి లేచిందా? లేస్తే పై దవడ ఎముక కూడా ఒక పక్కకి వాలి ఉందన్నమాట, అప్పుడు లెక్క మారుతుంది. పై ముందు పళ్ల రెండింటి మధ్య సందు, కింది ముందు పళ్ల మధ్య సందు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూసుకోండి. నోరు పూర్తిగా తెరవండి. మీ మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. తెరిచేటప్పుడు గడ్డం ఒక పక్కకి లాగుతుందా, చెవి ముందు టక్కుమని చప్పుడు వస్తుందా అన్నదీ రాసి పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పాత ఫోటోలు. టెన్త్ హాల్ టికెట్, ఇంటర్ ఐడీ కార్డు, ఉద్యోగంలో చేరినప్పటి పాస్‌పోర్ట్ సైజు, నిన్నగాక మొన్నటి ఫోటో వరసగా బల్ల మీద పరవండి. హాల్ టికెట్ ఫోటోని అందరూ తిట్టుకుంటారు గానీ, ముఖం ఎదురుగా, నవ్వు లేకుండా ఉంటుంది కాబట్టి మాకు అంత పనికొచ్చేది మరొకటి లేదు. గడ్డం అప్పుడే కుడికి ఉందా? నాలుగేళ్ల నుంచి మొదలైందా? ఏడాదికేడాది పెరుగుతోందా? ఈ మూడు ప్రశ్నలకి జవాబు స్కానింగ్ కూడా అంత తేలిగ్గా చెప్పలేదు.

ఎందుకడుగుతున్నానో చెబుతాను. పిల్లలు పడితే గడ్డం నేలకి తగులుతుంది. గడ్డం మీద చర్మం చిట్లితే కుట్లు వేసి పంపిస్తారు. కానీ ఆ దెబ్బ ఎముక వెంబడి పైకి పోయి, చెవి ముందు కీలులో కూర్చునే దవడ కొనని విరిచేస్తుంది. ఒక్కోసారి అది ఎవరికీ తెలియదు. నాలుగు రోజులు నొప్పని ఏడ్చి పిల్ల మామూలైపోతుంది. దవడ పెరుగుదలకి ఆ కొన చాలా అవసరం. దెబ్బ తిన్న పక్క దవడ పొట్టిగా ఉండిపోయి గడ్డం ఆ పక్కకే తిరుగుతుంది. ఇందులో తమాషా ఏమిటంటే, పొట్టి పక్క బుగ్గే నిండుగా కనిపిస్తుంది, బాగున్న పక్క సాగినట్టు చదునుగా ఉంటుంది. చూసినవాళ్లు బాగున్న పక్కనే లోపం అనుకుంటారు. మీ గడ్డం కుడికి జరిగిందన్నారు, నిండుగా ఉన్నది మాత్రం ఎడమ పక్క అన్నారు. పాత దెబ్బ ఒక్కటే కారణమైతే కుడి పక్క నిండుగా ఉండాల్సింది. కాబట్టి ఆ అనుమానం నాకు పూర్తిగా అతకడం లేదు.

రెండో అనుమానం, ఎడమ కీలు దగ్గర ఎముక ఉండాల్సినదానికన్నా ఎక్కువ పెరగడం. అది గడ్డాన్ని ఎదుటి పక్కకి, అంటే కుడికి నెడుతుంది. ఇరవై దాటాక కూడా ఆగకుండా పెరిగే సందర్భాలున్నాయి. హాల్ టికెట్‌లో గడ్డం నిటారుగా ఉండి, ఇప్పుడు తిరిగి ఉంటే దీన్ని వదలకుండా చూడాలి. బోన్ స్కాన్ తీస్తే ఆ ఎముక ఇంకా పెరుగుతోందో ఆగిందో తెలుస్తుంది. పెరుగుతున్న ఎముక మీద అందానికి ఏ పని చేసినా ఏడాదిలో మళ్లీ మొదటికొస్తుంది.

మూడోది, నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది, పన్ను. కుడి పక్క దవడ పన్ను పోయింది. ఖాళీ పక్క నమలబుద్ధి కాదు, అన్నం ముద్ద దానంతటదే ఎడమకి పోతుంది. చెక్కలు, మురుకులు, మాంసం అన్నీ నాలుగేళ్లుగా ఎడమే నములుతోంది. రోజూ బరువులెత్తే చెయ్యి లావెక్కినట్టే ఈ కండరమూ లావెక్కుతుంది. దానికి తోడు పెళ్లి పనులు, బ్యాంకు టార్గెట్లు. పొద్దున లేచేసరికి కణతలు బరువుగా ఉంటున్నాయా? ఉంటే నిద్రలో పళ్లు బిగిస్తున్నారు, కొరుకుతున్నారు. ఇంకొకటి, ఖాళీ ఊరికే ఉండదు. పక్క పళ్లు అందులోకి వాలతాయి, పై పన్ను కిందికి దిగుతుంది. పళ్లు సరిగ్గా ఆనక, నోరు మూసేటప్పుడు దవడే కొద్దిగా పక్కకి జరిగి సర్దుకుంటుంది. గడ్డం జరిగినట్టు కనిపించడానికి అదీ కారణం కావచ్చు. ఇది ఉత్తరం చూసి చెప్పే మాట. చెయ్యి వేసి చూడకుండా ఖాయంగా చెప్పను.

ఇప్పుడు క్లినిక్ వాళ్ల ప్యాకేజీకి వద్దాం. మూడింటినీ ఒకే గాటన కట్టలేం.

బొటాక్స్ మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. కండరమే లావెక్కిందని తేలితే, ఎడమ మాసెటర్‌లో ఆ సూది వేస్తే నరం నుంచి వచ్చే ఆదేశం అందక కండరం పని తగ్గించి క్రమంగా సన్నబడుతుంది. తేడా కనిపించడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నాలుగైదు నెలలకి ప్రభావం తగ్గుతూ వస్తుంది, కాబట్టి శాశ్వతం అన్న మాట లేదు. మందు పక్క కండరంలోకి పాకితే నవ్వు కొన్ని వారాలు వంకర పోతుంది. పెళ్లికి నెల ముందు వేయించుకుని అలా అయితే ఏమిటి గతి? వేయించుకునేదే అయితే పెళ్లికి కనీసం రెండు నెలల ముందు వేయించుకోవాలి. గర్భంతో ఉన్నప్పుడు, బిడ్డకి పాలిచ్చేటప్పుడు వేయరు. పెళ్లయ్యాక మళ్లీ మళ్లీ వేయించుకుందాం అనుకునేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి. పైగా కుడి పక్క పన్ను లేకుండానే ఎడమ కండరాన్ని పడుకోబెడితే ఇక మీరు దేంతో నములుతారు?

ఫిల్లర్ దగ్గర మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఉబ్బింది ఎడమ పక్క. దాన్ని తగ్గించడం పోయి కుడి పక్కనీ నింపడం అంటే, ఒక గోడ ఎత్తు ఎక్కువైందని రెండో గోడ కూడా లేపినట్టే. ముఖం కింది భాగమంతా వెడల్పవుతుంది. నిశ్చితార్థం జాకెట్ల కొలతలు తెలిసిన దర్జీ కూడా అలా కత్తిరించడు. ఫిల్లర్ వాడదగ్గ చోటు వేరే ఉంది. గడ్డం రెండు మూడు మిల్లీమీటర్లే జరిగి ఉంటే, ఎడమ అంచున కొంచెం నింపి మధ్య గీత సరిపోయినట్టు కనిపించేలా చేయవచ్చు. హైలురోనిక్ యాసిడ్ రకం ఫిల్లర్ ఏడాది అటూ ఇటూగా ఉండి కరిగిపోతుంది. నచ్చకపోయినా, తేడా వచ్చినా హైలురోనిడేజ్ అనే సూదితో కరిగించవచ్చు. అన్ని ఫిల్లర్లూ అలా కరగవు, అందుకే ఏ రకమో అడగాలి. అరుదే అయినా దీని ప్రమాదం చిన్నది కాదు. మందు రక్తనాళంలోకి పోతే చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు, చూపు పోయిన సందర్భాలూ ఉన్నాయి. వేసేవారిని ఒకే ప్రశ్న అడగండి: "కరిగించే సూది ఇప్పుడు ఇక్కడ మీ ఫ్రిజ్‌లో ఉందా? చూపిస్తారా?" తడబడితే చెప్పులేసుకుని వచ్చేయండి. సిరంజి డబ్బా మీ ముందే విప్పాలి, బ్యాచ్ నంబర్ స్టిక్కర్ మీ కాగితం మీద అతికించి ఇవ్వాలి.

దారాలు మీకెందుకు చెప్పారో నాకు అర్థం కాలేదు. సాగిన చర్మాన్ని పైకి లాగడానికి వేసేవి అవి. 26 ఏళ్ల బుగ్గ సాగదు. కరిగే దారాలు, నెలల ముచ్చట. ఎముకనీ కండరాన్నీ అవి ఏమీ చేయలేవు. బిల్లు నిండటానికి తప్ప వాటికి ఇక్కడ పని లేదు. బుగ్గ లోపలి కొవ్వు తీయించుకోవడం, నాలుకని అంగిట్లోకి నొక్కిపెట్టే వ్యాయామాలు, రబ్బరు బంతి కొరకడం లాంటివి కూడా ఫోన్లో మీకు కనిపించే ఉంటాయి. కొవ్వు తీస్తే మళ్లీ రాదు, నలభై దాటాక బుగ్గలు పీక్కుపోతాయి. రబ్బరు బంతి కొరికితే మీ ఎడమ దవడ ఇంకా బలుస్తుంది.

మీరు ఆపరేషన్ మాట అడిగారు. ఎముకే వంకరగా ఉందని తేలితే అసలు మార్గం అదే, దానికి ప్రత్యామ్నాయంగా సూదులు లేవు. గడ్డం ఒక్కటే జరిగి ఉంటే నోటి లోపలి నుంచి కోసి, గడ్డం ఎముక ముక్కని మధ్యకి జరిపి ప్లేట్లతో బిగిస్తారు. బయట మచ్చ పడదు. ఐస్‌క్రీం పుల్ల వాలితే, పళ్లు కలవకపోతే పై దవడ, కింది దవడ రెండూ సరిచేయాలి. దానికి ముందు ఏడాది, ఏడాదిన్నర క్లిప్పులు పెట్టుకోవాలి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు జావ, రసం, మెత్తటి అన్నం మీదే ఉండాలి, వాపు పూర్తిగా తీయడానికి నెలలు పడుతుంది. కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కడం మామూలే, చాలామందికి తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. ఇదంతా మూడు నెలల్లో పెళ్లి పెట్టుకుని చేయించుకునేది కాదు. ఎవరైనా అవుతుందంటే నమ్మకండి. అవసరమైతే పెళ్లయ్యాక, ఇద్దరూ కూర్చుని తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు.

డబ్బు సంగతి కూడా తెలిసి ఉండాలి. కేవలం అందం కోసం చేసే సర్జరీని ఆరోగ్య బీమా ఇవ్వదు, పైగా 18 శాతం జీఎస్టీ పడుతుంది. పుట్టుకతో వచ్చిన లోపానికో, ప్రమాదంలో దెబ్బకో సరిచేస్తే ఆ జీఎస్టీ ఉండదు. అందుకని చిన్నప్పటి దెబ్బ వల్లే అని తేలితే డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. బ్యాంకులో ఉన్నారు, కాగితం విలువ మీకు నేను చెప్పాలా.

ఏం చేయాలి మరి? ఈ వారంలోనే దవడల సర్జన్ దగ్గరికి వెళ్లండి. ఎండీఎస్‌లో, అంటే దంతవైద్యంలో పీజీలో, ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జరీ చదివినవారు కావాలి. కడప, విజయవాడ, హైదరాబాద్ ప్రభుత్వ దంత కళాశాలల్లో ఉంటారు. మీకు కడప హైదరాబాద్ కన్నా దగ్గర. ఓపీజీ ఎక్స్‌రే ఒకటి తీస్తే రెండు కీళ్లూ, అన్ని పళ్లూ ఒకే ఫిల్మ్‌లో కనిపిస్తాయి. పాత ఫోటోలు వెంట తీసుకెళ్లండి. కీలులో ఏమీ లేదంటే పన్ను కట్టించుకోండి. ఇంప్లాంట్ అంటే ఎముకలో స్క్రూ దింపి దాని మీద పన్ను కట్టడం, అది ఎముకలో అతుక్కోవడానికి మూడు నెలలైనా పడుతుంది. బ్రిడ్జి, అంటే పక్క పళ్ల ఆసరాతో కట్టే పన్ను, వారం పది రోజుల్లో అవుతుంది కానీ ఆ పక్క పళ్లు అరగదీయాలి, అవి ఆరోగ్యంగా ఉంటే నేనైతే ఇంప్లాంటే అంటాను. రాత్రి పళ్లు బిగిస్తుంటే కొలత తీసి చేయించిన నైట్ గార్డ్ (పళ్లకి వేసుకునే తొడుగు) పెట్టుకోండి. కుడి పక్క నమలడం మళ్లీ మొదలెట్టాక ఎడమ కండరం తగ్గుతుందేమో ఆరు నెలలు చూడాలి. తగ్గకపోతే అప్పుడు బొటాక్స్ ఎలాగూ ఉంది.

ఇది చదువుతున్న మిగతావాళ్లకి ఒక మాట. ఈ అమ్మాయి ప్రశ్న ఏళ్ల తరబడి ఉన్న తేడా గురించి. అదే మూతి ఉన్నట్టుండి ఒక పక్కకి పోతే, చెయ్యి పట్టు తప్పితే, మాట ముద్దగా వస్తే 108కి ఫోన్ చేయాలి. అది పక్షవాతమైతే, గడ్డ కట్టిన రక్తం కరిగించే సూదికి నాలుగున్నర గంటలే గడువు. చెయ్యీ కాలూ బాగానే ఉండి, ఒక కన్ను మూతపడక, నుదురు ముడతపడక మూతి వంకర పోతే ముఖ నరం వాపు కావచ్చు. మూడు రోజుల్లోపు మందులు మొదలుపెడితే బాగా కోలుకుంటారు. పసరు వేయించుకుంటూ వారం పోగొట్టుకుని వచ్చినవాళ్లని నేను ఇప్పటికీ చూస్తున్నాను. దవడ ఒక పక్క గడ్డలా పెరుగుతూ పళ్లు కదిలినా, పెదవి తిమ్మిరెక్కినా ఆలస్యం చేయకండి.

మళ్లీ మీ దగ్గరికి. నిద్ర పట్టడం లేదన్నారు. పెళ్లి హడావుడి, కొత్త ఇంటి బెంగ కూడా దవడ మీదికే వచ్చి కూర్చుంటాయి ఒక్కోసారి. రోజులో గంటల తరబడి అద్దం ముందే గడుస్తున్నా, మనుషుల్లోకి వెళ్లడం మానేస్తున్నా సైకియాట్రిస్ట్‌తో ఒకసారి మాట్లాడండి. ఆ బాధకి సూదులు పనిచేయవు, ఒకటి సరిచేస్తే కన్ను ఇంకొకదాని మీద పడుతుంది.

పెళ్లి ఫోటోలకి మాత్రం ఒక చిట్కా, మా చిన్నమ్మాయి పెళ్లిలో మేకప్ చేసినావిడ చెప్పింది. పాపిడి బిళ్ల సరిగ్గా నుదుటి మధ్యకి వేలాడితే అది లంబం కట్టి పట్టినట్టే, ముక్కు, గడ్డం ఏ మాత్రం జరిగినా చూపించేస్తుంది. పాపిట కాస్త పక్కకి తీస్తే ఆ గీత పోతుంది. లైటు కొంచెం కుడి పక్క నుంచి పడేలా చూసుకోమని ఫోటోగ్రాఫర్‌కి చెప్పండి, ఎడమ దవడ నీడలో సన్నగా కనిపిస్తుంది. ఎటు తిప్పాలో అతనికి ఇప్పటికే తెలుసు, తిప్పనివ్వండి.

అడ్వాన్స్ తిరిగి అడగండి, చేయించుకోవడం లేదని మెసేజ్ రూపంలో రాసి పెట్టి మరీ అడగండి. ఇచ్చారా సరే. ఇవ్వలేదా, మిగతా 1,25,000 మీ దగ్గరే ఉంది, పన్ను దానితో కట్టించుకోండి.